చిన్న రూము, రెండు స్పీకర్లు, అవ్వ పాడిన ఢావ్లో

పోస్టు కొంచెం పెద్దది. తీరిక చేసుకొని చదవండి.

మేము ముగ్గురం సుగాలి పిల్లలం. పుట్టపర్తిలో ఒక రూము బాడుగకు తీసుకొని చదువుకుంటున్నాం. ఇక్కడ స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టల్ సీట్ల గురించి, నోటిఫికేషన్ల గురించి రాసేవాళ్ళు చానామంది ఉండారు. ఈసారి మేము స్పీకర్ల గురించి రాస్తున్నాం. ఇరుకు రూములో రెండు స్పీకర్లు ఎక్కడ పెడితే మాట మాటగా వినబడుతుంది, ఎక్కడ పెడితే గుయ్‌మని మోగుతుంది అనే సంగతి. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. రెండు బొంతలు, ఒక తాడు, ఒక చేతి అద్దం, ఒక ఆదివారం చాలు.

ఎందుకు ఈ పని పెట్టుకున్నామో ముందు చెప్తాం.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఆంధ్ర, తెలంగాణలో తెలుగు లిపిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాసుకుంటారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో మన భాష పేరు లేదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మా మాతృభాష అని చెప్పినవాళ్ళు 32 లక్షల పైనే ఉండారు, కాని ఆ సంఖ్యను హిందీ కింద కలిపి చూపించినారు. మా ముగ్గురిలో బడిలో మన భాష పుస్తకం పట్టుకున్నోడు ఒక్కడూ లేడు. మన దగ్గర ఉండేది పాటే. తీజ్‌కు ఆడపిల్లలు పాడే పాటలు, పెళ్ళికూతురు అత్తగారింటికి పోయేటప్పుడు ఏడుస్తా పాడే ఢావ్లో, సేవాలాల్ మీద భజనలు. పాడేవాళ్ళకు వయసైపోయింది. మా సీమలో వాన మొగం చాటేసి చెనిక్కాయ పంట పోయిందంటే తండాలో సగం ఇండ్లకు తాళాలు పడతాయి, పెద్దోళ్ళంతా బెంగళూరికి పనికి పోతారు. వాళ్ళతో పోయి అక్కడే పెరిగిన పిల్లలకు పెళ్ళిలో డీజే తెలుసు, ఢావ్లో తెలీదు.

అందుకని తండాలో ఒక అవ్వ పాడిన పాటలు ఫోన్లో రికార్డు చేసి, తెలుగు లిపిలో నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టినాం. ఒక నియమం పెట్టుకున్నాం. మాట తెలియని చోట ఊహించి రాయకూడదు, ఖాళీ గీత గీసి ముందుకు పోవాలి. ఒక ఢావ్లో రాసేసరికి 38 గీతలు పడినాయి. పాట తొమ్మిది నిమిషాలు కూడా లేదు. మాలో ఒకడికి ఒక మాట వినబడితే, ఇంకొకడికి ఇంకొకటి. ఫోన్ స్పీకర్ అంత చిన్నదాంట్లో ఇంతకన్నా తెలిసే దారి లేకపోయింది.

అప్పుడు మాలో ఒకరి బా బెంగళూరులో కట్టడం పని నుంచి వస్తా, ఎస్.పి. రోడ్డులో ఒక పాత స్పీకర్ల జత, చిన్న యాంప్లిఫయర్ కొనుక్కొచ్చినాడు. 4 అంగుళాల వూఫర్, దాని పైన చిన్న ట్వీటర్. ఇంకేమీ లేదు. ఈ పోస్టంతా ఆ రెండు డబ్బాల గురించే.

ముందు రూము సంగతి తెలుసుకోవాల. మా రూము 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు. నేల టైల్స్, పైన స్లాబు, నాలుగు పక్కల నున్నటి గోడలు. పుట్టపర్తిలో బాడుగకు ఇచ్చే రూములు చానా వరకు ఇట్లాంటివే. సామాను పెట్టకముందు నడిమధ్యలో నిలబడి ఒక్క చప్పట కొడితే "టర్ర్" మని తోక లాగినట్టు వినబడుతుంది. ఎదురెదురు గోడలు ఆ చప్పుడును బంతి మాదిరి విసురుకుంటున్నాయన్నమాట. తండాలో ఆరుబయట డీజే ఎంత గట్టిగా పెట్టినా చప్పుడు పొలాల మీదికి పోతుంది, తిరిగి రాదు. రూములో పోయేదానికి దారి లేదు. గోడకు తగిలి మళ్ళీ మన చెవికే వస్తుంది. అందుకే పెద్ద స్పీకర్ కొంటే సరిపోతుందనుకునేవాళ్ళు ఆలోచించాల. రూములో మనం వినేది సగం స్పీకరును, సగం గోడలను.

గోడలు రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి.

మొదటిది బాస్. శబ్దం సెకండుకు సుమారు 345 మీటర్లు పోతుంది. మన ఎండాకాలం 40 డిగ్రీల్లో ఇంకా వేగం, 355 దాకా. ఒక శబ్దం తరంగంలో సగం పొడవు సరిగ్గా రెండు గోడల మధ్య దూరానికి సమానమైతే, ఆ శబ్దం రూములో నిలిచిపోయి మోగుతుంది. లెక్క సులభం. 345ను దూరానికి రెండింతలతో భాగించాల. 10 అడుగులంటే 3.05 మీటర్లు, 57 హెర్ట్జ్ వస్తుంది. 12 అడుగులకు 47. 9 అడుగుల ఎత్తుకు 63. వాటికి రెట్టింపులు 113, 94, 126 కూడా మోగుతాయి. మా చిన్న వూఫరు 47, 57 దగ్గర పెద్దగా పలకదు. కాని 94 నుంచి 126 దాకా బాగా పలుకుతుంది. నగారా దెబ్బ, మగవాళ్ళ గొంతు అడుగుభాగం ఉండేది ఆ దగ్గరే. అందుకే భజన పెడితే ఒక మూల నగారా గుమ్‌మని మోగుతుంది, ఇంకో చోట కూర్చుంటే అదే నగారా చప్పబడిపోతుంది.

రెండోది మాట మసక కావడం. అవ్వ గొంతు బాస్‌లో లేదు, పైన ఉంది. మాటను మాటగా నిలబెట్టేది హల్లులు. క, త, స, ఛ లాంటి వాటి బలం 2,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోను 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేది, బాస్ అసలు లేదు, అయినా మాట తెలిసేది. కాబట్టి మాట కోసం బాస్ పెంచడం దండగ. మన బోలిలో 'ఘర్' అంటే ఆ ఘ ఒత్తు వినబడాల. గోడలకు తగిలి వచ్చిన పాత అక్షరం కొత్త అక్షరం మీద పడితే ఆ ఒత్తే ముందు చచ్చిపోతుంది.

దీని గురించి పని చేసిన ఒక మనిషి కథ మాకు చానా నచ్చింది. 1895లో అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఒక కొత్త లెక్చర్ హాలు కట్టుకున్నారు. ప్రతిధ్వని వల్ల పాఠం అర్థం కాకుండా పోయింది. వాలెస్ సేబిన్ అనే కుర్ర ఫిజిక్స్ టీచరుకు ఆ పని అప్పజెప్పినారు. ఆయన పక్కనున్న థియేటరులోని సీటు మెత్తలు రాత్రిపూట మోసుకొచ్చి హాల్లో పరచి, ఒక ఆర్గన్ పైపు ఊది, గడియారం పెట్టుకొని చప్పుడు ఎంతసేపటికి ఆగిపోతుందో కొలిచేవాడు. తెల్లారేలోగా మెత్తలు మళ్ళీ థియేటరుకు చేర్చేవాడు. అట్లా వచ్చిందే గది ప్రతిధ్వని సూత్రం. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గది పీల్చుకునే శక్తితో భాగిస్తే సెకండ్లు వస్తాయి. మా రూము సుమారు 30 ఘనమీటర్లు. గోడలు, టైల్స్ నూటికి 3 వంతులే పీల్చుకుంటాయనుకుంటే ఖాళీ రూములో రెండున్నర సెకండ్ల పైనే వస్తుంది. పరుపులు, బొంతలు, ముగ్గురు మనుషులు చేరితే అది ముప్పావు సెకండుకు దగ్గరగా దిగుతుంది. ఈ లెక్క పెద్ద హాళ్ళకు సరిపోయినంత కచ్చితంగా చిన్న రూముకు సరిపోదు, కాని దారి చూపిస్తుంది. మెత్తటి బట్ట ఉంటే మాట బతుకుతుంది.

ఇంక మేము ఏం చేసినామో వరసగా చెప్తాం. మీ రూములో కొలతలు మారుతాయి, పద్ధతి మారదు.

ఒకటి. వైర్లు. యాంప్లిఫయరులో ఎర్రది స్పీకరు ఎర్రదానికే, నల్లది నల్లదానికే పోవాల, రెండు పక్కలా. ఒక పక్క తారుమారైతే ఒక వూఫరు ముందుకు తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది. బాస్ పలచబడుతుంది, గొంతు ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు.

రెండు. ఏ గోడకు పెట్టాల. మేము 10 అడుగుల గోడను ఎంచుకున్నాం, 12 అడుగుల పొడవు మా ముందు ఉండేటట్టు. రెండు స్పీకర్ల మధ్య 6 అడుగులు. పక్క గోడలకు చెరి 2 అడుగులు. వెనక గోడకు స్పీకరు మొగం మూరెడు దూరం, అంటే అడుగున్నర. వెనక దూరం, పక్క దూరం ఒకటే కాకుండా చూసుకోవాల. వెనక గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం ముందుకొచ్చే శబ్దాన్ని ఒక చోట కొట్టేస్తుంది. 2 అడుగుల దగ్గర అది 140 హెర్ట్జ్ చుట్టూ పడుతుంది. రెండు దూరాలూ ఒకటైతే రెండు గోడలూ ఒకే చోట గుంత తవ్వుతాయి. మూల అసలు వద్దు. మూలలో మూడు పక్కల గోడే కాబట్టి బాస్ ఉబ్బిపోతుంది.

మూడు. తాడు. ఒక స్పీకరు నుంచి ఇంకో స్పీకరుకు ఎంత దూరమో, ప్రతి స్పీకరు నుంచి వినేవాడి తలకు అంతే ఉండాల. ముగ్గు త్రికోణం మాదిరి. 6 అడుగుల తాడు తీసుకొని రెండు పక్కలా కొలిస్తే చాపలో ఎక్కడ కూర్చోవాలో తేలిపోతుంది. ఇది తూచినట్టు చెయ్యాల. ఒక పక్క అడుగు దగ్గరైతే ఆ పక్క శబ్దం సెకండులో వెయ్యో వంతుకు కొంచెం తక్కువ ముందుగా చేరుతుంది. అంత చాలు, చెవి ఆ పక్కకే తిరిగిపోతుంది. మా లెక్కలో తల ముందు గోడకు 6 అడుగుల 8 అంగుళాల దగ్గర పడింది. సరిగ్గా రూము నడిమధ్యకు రాకుండా కొంచెం వెనక ఉండటం మంచిదే. నడిమధ్యలో అన్నిటికన్నా అడుగు బాస్ చప్పబడుతుంది.

నాలుగు. ఎత్తు. ఇంగ్లీషు పుస్తకాల్లో కొలతలు కుర్చీలో కూర్చునేవాళ్ళవి. మనం చాప మీద కూర్చుంటాం. సకలముకులం వేసుకొని కూర్చుంటే చెవి నేలకు రెండున్నర అడుగులు. ట్వీటరు అక్కడికి రావాల. ఎక్కువ సన్నటి శబ్దాలు టార్చిలైటు మాదిరి నేరుగా పోతాయి, పక్కకు పరచుకోవు. మేము సిమెంటు ఇటుకలు పేర్చి, పైన పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేసి స్పీకర్లు పెట్టినాం. రబ్బరు ఉంటే కింద అదురు పోదు.

అయిదు. మొగం తిప్పడం. స్పీకర్లను మన వైపు కొంచెం తిప్పాల. తిప్పేకొద్దీ గొంతు చిక్కబడుతుంది, పక్క గోడలకు పోయే శబ్దం తగ్గుతుంది. మాకు రెండు స్పీకర్ల చూపు మా తల వెనక బెత్తెడు దూరంలో కలిసేటట్టు పెట్టినప్పుడు హల్లులు బాగా తేలినాయి.

ఆరు. అద్దం. మాలో ఒకరు చాపలో కూర్చోవాల. ఇంకొకరు పక్క గోడకు చేతి అద్దం ఆనించి మెల్లగా జరుపుకుంటా పోవాల. కూర్చున్నవాడికి అద్దంలో స్పీకరు కనబడిన చోటే శబ్దం గోడకు తగిలి చెవికి వచ్చే చోటు. అక్కడ బొంత తగిలించాల. మన ఆడవాళ్ళ రవికెల నిండా అద్దాలే కదా, అద్దంతో పని మనకు కొత్తేం కాదు. మా రూములో ఇంటి నుంచి తెచ్చిన పాతగుడ్డల బొంతలు రెండు ఇప్పుడు రెండు గోడలకు వేలాడుతున్నాయి. గోడకు అతికినట్టు కాకుండా జానెడు ఎడంగా దండెం కట్టి వేస్తే ఇంకా బాగా పీలుస్తాయి. వెనక గోడకు పగలు పరుపులు నిలబెడతాం. బొంత సన్నటి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, నగారా గుమ్‌మనడాన్ని మటుకు తగ్గించలేదు. దానికి స్పీకరు బెత్తెడు ముందుకో వెనక్కో జరపడమే మందు.

ఏడు. ఫ్యాను. తిరిగే ఫ్యాను చప్పుడు స, ఛ లను మింగేస్తుంది. ఏప్రిల్‌లో ఫ్యాను ఆపి కూర్చోవడం మనిషి వల్ల కాదు కాబట్టి తెల్లారుజామున, ఊరు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, చల్లగా ఉన్నప్పుడు వింటాం. వాల్యూం తక్కువే. పక్క రూములోళ్ళకు ఇబ్బంది ఉండదు, తక్కువ చప్పుడుతో రూమూ తక్కువ మోగుతుంది.

అంతా అయినాక సరిగ్గా కుదిరిందా లేదా తెలుసుకోవడం ఎట్లా? ఇందుకు మన ఫోన్ రికార్డింగే మంచి పరీక్ష. రెండు స్పీకర్లతో శబ్దానికి చోటు ఇచ్చే పద్ధతికి ఇంగ్లాండులో అలన్ బ్లమ్లైన్ అనే ఇంజనీరు 1931 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. సినిమాలో నటుడు తెర మీద ఒక పక్క నడుస్తుంటే గొంతు ఇంకో పక్క నుంచి రావడం ఆయనకు నచ్చలేదంట. మా రికార్డింగు మోనో, అంటే రెండు స్పీకర్లకూ పోయేది ఒకే శబ్దం. అప్పుడు గొంతు రెండింటిలో ఏదాంట్లో నుంచీ రాకూడదు. సరిగ్గా నడుమ, ఖాళీ చోటు నుంచి రావాల. మా రూములో ఆ నడుమ ఒక ట్రంకు పెట్టె ఉంది. తాడుతో కొలిచి, బొంతలు కట్టి, కళ్ళు మూసుకొని విన్నప్పుడు అవ్వ ఆ పెట్టె మీద కూర్చొని పాడుతున్నట్టు ఉండింది. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క స్పీకరును రెండు వేళ్ళు వెనక్కి జరపాల. గొంతు నడుముకు వచ్చేదాకా అంతే.

ఆ వారం నోటుబుక్కు మళ్ళీ తెరిచినాం. 38 గీతల్లో 29 నిండినాయి. ముగ్గురికీ ఒకటే మాట వినబడితేనే రాసినాం.

కొందరు అడుగుతారు, మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే గోడల గోలే ఉండదు కదా అని. నిజమే. ఒంటరిగా చదువుకునేవాడికి అదే మేలు. కాని హెడ్‌ఫోన్ ఒకడి చెవికే. మా పని ముగ్గురం కలిసి విని, ఆపి, వాదించుకొని రాసేది. ఇంకో కారణం కూడా ఉంది.

పుట్టపర్తిలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి ఉంది, అక్కడ వైద్యం ఉచితం. చుట్టుపక్కల తండాల నుంచి జబ్బు చేసిన పెద్దోళ్ళు వస్తారు, ఊర్లో చదువుకునే పిల్లల రూముల్లో దిగుతారు. ఆ అవ్వ కూడా గుండె చూపించుకోవడానికి వచ్చి మా రూములో రెండు రాత్రులు ఉండింది. ఆమెకు వినికిడి తగ్గింది. చెవిలో ఏదన్నా పెట్టుకోమంటే పెట్టుకునే మనిషి కాదు. తెల్లారుజామున చాప మీద త్రికోణం కొనలో కూర్చోబెట్టి ఆమె పాటే పెట్టినాం. మొదట మొగం తిప్పుకునింది. తర్వాత పెదాలు కదిలించడం మొదలుపెట్టింది. పాట అయినాక మిగిలిన 9 గీతలు ఒక్కొక్కటే చదివి అడిగినాం.

వాటిలో చానా చోట్ల ఆమె చెప్పింది ఒకటే, గోర్ బోలిలో చెప్పింది తెలుగులో రాస్తున్నాం: "ఆడ మాట లేదురా అబ్బీ. ఏడుపు వచ్చి మింగినా." మింగిన మాటలు ఏమిటో చెప్పింది. వాటిని ఏ స్పీకరూ చెప్పలేదు, ఏ రూమూ చెప్పలేదు. 8 గీతలు అట్లా నిండినాయి. తొమ్మిదోది మటుకు వద్దనింది. అక్కడ ఆమె చనిపోయిన కూతురి పేరు పెట్టి పాడింది. "ఆ పేరు నేను పాడేటప్పుడే ఉండాల. పుస్తకంలో వద్దు" అనింది. ఆ గీత అట్లాగే ఉంచినాం. ఇంతకుముందు ఆ గీతకు అర్థం 'వినబడలేదు' అని. ఇప్పుడు 'ఆమె వద్దనింది' అని. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే ముందు సరిగ్గా వినబడాల కదా. మాకు ఈ పనిలో తెలిసిన సంగతి ఇదే.

కాబట్టి చెప్పేదేమంటే, మీ రూముల్లో పాత స్పీకర్లు ఉంటే వాటిని అల్మారా పై నుంచి దించండి, మూలల నుంచి బయటికి లాగండి, తాడు పెట్టి కొలవండి. యెరుకల, యానాది, చెంచు, సవర, కోయ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఇది చెయ్యొచ్చు. ఎవరి పాటకు వాళ్ళే చెవి పెట్టాల. రికార్డు చేసేటప్పుడు ఫోను అవ్వ నోటికి మూరెడు దూరంలో, గుడ్డ మీద పెట్టండి, రేకుల కింద కాకుండా చెట్టు కింద చేయండి. గదిలో పడిన ప్రతిధ్వనిని తర్వాత ఏ బొంతా తియ్యలేదు. ముందు ఆమెను అడిగి చేయండి. రాసినాక ఆమెకు మళ్ళీ వినిపించండి.

స్పీకర్లు పదేండ్ల తర్వాత కూడా దొరుకుతాయి, ఇంకా చౌకగానే దొరుకుతాయి. గీతలు నింపే అవ్వలు దొరకరు. దసరా సెలవులకు తండాకు పోయేవాళ్ళు ఈ పని ఒకటి పెట్టుకోండి. రూము కొలతలు పంపితే స్పీకర్లు ఎక్కడ పెట్టాలో మాకు తెలిసినంత వరకు లెక్క వేసి చెప్తాం.

జై సేవాలాల్.